గుర్రాలు తక్కువ, పట్టు ఎక్కువ

మనాలి నుంచి లాహౌల్ దాకా మంచుదారిలో మధ్యతరగతి ఫోర్ వీల్ డ్రైవ్ కారుతో కాపురం

డిసెంబరు నెలాఖరులో రాత్రి మంచు పడిందంటే తెల్లారేసరికి మనాలి పైన రోడ్డు స్వరూపం మారిపోతుంది. నెహ్రూ కుండ్, పల్చాన్ దగ్గర పోలీసులు నిలబడి వచ్చిన ప్రతి బండినీ ఆపుతారు. వాళ్లు అడిగేది ఒకటే ప్రశ్న: ‘ఫోర్ బై ఫోరా?’ ఢిల్లీ నుంచి 500 కిలోమీటర్లకు పైగా దూసుకొచ్చిన నిగనిగలాడే సెడాన్ అయినా, ఏడుగురు పట్టే పెద్ద బండి అయినా కాదంటే పక్కకు తప్పుకోవలసిందే. ఇంజను ఎంత పెద్దదో, ధర ఎన్ని లక్షలో అక్కడ ఎవరికీ అక్కర్లేదు. వెనక చక్రాలకు కూడా ఇంజను బలం అందుతుందా లేదా అన్నదే లెక్క.

ఆ వరసలోంచి ఒక సాదాసీదా కుటుంబ కారు ముందుకు కదులుతుంది. లోపల భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, వెనక సీటులో మామ్మ, డిక్కీ నిండా సామాను. మైదానంలో హైవే మీద ఆ కారును అవలీలగా దాటేసిన బండ్లన్నీ ఇప్పుడు దారి పక్కన నిలబడి దాన్ని చూస్తుంటాయి. అయితే ఈ వైభోగం ఎక్కువసేపు నిలవదు. నాలుగు మలుపులు ఎక్కేసరికి కారుకు ఆయాసం మొదలవుతుంది. రెండో గేరులో లాగలేక మొదటి గేరులోకి దిగుతుంది. ఇంజను చప్పుడు పెరుగుతుంది కానీ స్పీడోమీటరు ముల్లు కదలదు.

మారుతి గ్రాండ్ విటారా, దాని జంట అయిన టయోటా హైరైడర్ వంటి కార్లతో హిమాలయాల్లో బతుకు ఇలాగే ఉంటుంది. 2022 సెప్టెంబరులో మార్కెట్లోకి వచ్చిన గ్రాండ్ విటారా మూడేళ్లు తిరగకముందే 3 లక్షల అమ్మకాలు దాటింది. పేరుకు ఎస్‌యూవీయే అయినా, అది పిల్లల్ని బడిలో దింపడానికి, పెళ్లిళ్లకు, పేరంటాలకు తిరగడానికి కొనుక్కునే ఇంటి కారు. అందులో నాలుగు చక్రాలకూ బలం పంపే వేరియంట్ ఒకటుంది. దానికి అమర్చినది 1.5 లీటర్ల పెట్రోలు ఇంజను. టర్బో లేదు. శక్తి 103 హార్స్ పవర్. ఇదే ధరలో 150 దాటిన గుర్రాలతో వేరే కంపెనీల కార్లు దొరుకుతున్నాయి. కానీ వాటిలో బలం వెళ్లేది ముందు చక్రాలకు మాత్రమే. అంటే కొండ ప్రాంతపు మధ్యతరగతి కుటుంబం షోరూమ్‌లో తేల్చుకోవలసింది ఒక్కటే: గుర్రాలు కావాలా, పట్టు కావాలా?

సన్నబడే గాలి

సముద్రమట్టం నుంచి ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుందని బడిపిల్లలకు కూడా తెలుసు. అది మనుషుల ఊపిరితో పాటు ఇంజను ఊపిరినీ దెబ్బ తీస్తుంది. పెట్రోలు మండాలంటే గాలి కావాలి. టర్బో ఉన్న ఇంజను బయటి గాలిని కుదించి లోపలికి తోసుకుంటుంది కాబట్టి ఎత్తులో దాని నష్టం తక్కువ. టర్బో లేని ఇంజను మాత్రం ఎంత గాలి దొరికితే అంతే పీల్చుకుంటుంది.

లెక్క వేసి చూస్తే సంగతి స్పష్టమవుతుంది. మనాలి ఎత్తు సుమారు 2,050 మీటర్లు. అక్కడికి చేరేసరికే ఇలాంటి ఇంజను శక్తిలో దాదాపు ఐదో వంతు హరించుకుపోతుంది. అటల్ సొరంగం దక్షిణ ద్వారం ఉన్నది 3,060 మీటర్ల ఎత్తున. అక్కడ పోయేది దాదాపు 30 శాతం. కాగితం మీది 103 గుర్రాల్లో మిగిలేవి 70 చిల్లర. ఇంకా ముందుకు, లేహ్ దారిలో 4,890 మీటర్ల ఎత్తున ఉన్న బారాలాచా కనుమ దగ్గర సగానికి కాస్త పైన మాత్రమే మిగులుతాయి. ఆల్టో 800 మైదానంలో ఇచ్చే శక్తి కంటే అది కొంచెమే ఎక్కువ. ఈ కారు బరువేమో ఆల్టో కంటే ఎంతో ఎక్కువ.

తిరుమల ఘాట్ రోడ్డు, అరకు ఘాట్ రోడ్డు ఎక్కి దిగిన అనుభవం ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు. ఆ కొండల ఎత్తు ఇక్కడితో పోలిస్తే చాలా తక్కువ. అక్కడ కారును ఇబ్బంది పెట్టేది మలుపులు, వాలు. ఇక్కడ వాటికి తోడు గాలి కూడా పగబడుతుంది. మనాలి నుంచి సొరంగం దాకా పాతిక కిలోమీటర్ల దారిలో దాదాపు వెయ్యి మీటర్లు ఎక్కాలి. ఐదుగురు మనుషులు, సామానుతో ఎక్కేటప్పుడు ముందున్న లారీని దాటాలని మనసు ఎంత ఉబలాటపడినా కారు సహకరించదు. దాటడానికి మైదానంలో పట్టే దూరం కంటే ఇక్కడ ఎంతో ఎక్కువ పడుతుంది. ఎదురుగా మలుపు, దాని అవతల ఏముందో కనిపించదు. లారీ వెనకే నెమ్మదిగా వెళ్లడం ఒక్కటే తెలివైన పని.

ఈ కారు కొన్న కొత్తలో చాలామందికి ఇదే పెద్ద నిరాశ. యాక్సిలరేటరు నేలకు అదిమినా రాని బలం కోసం ఎదురుచూసి, విసుగుచెంది, ఆఖరికి దారికి వస్తారు. గేరు ముందే తగ్గించుకోవడం, మలుపులోకి రాకముందే ఇంజను వేగం పెంచుకోవడం, ఊపు పోగొట్టుకోకపోవడం వంటివి ఒక్కటొక్కటిగా అలవాటవుతాయి. అక్కరలేని సామాను ఇంట్లోనే ఉండిపోతుంది. ఏసీ అవసరం ఎలాగూ ఉండదు. 2025లో ఈ నాలుగు చక్రాల వేరియంట్‌కు ఆటోమేటిక్ గేర్లు వచ్చాయి. గేరు మార్చే ఎడమ చేతికి విశ్రాంతి దొరికింది కానీ గాలి మాత్రం చిక్కబడలేదు.

జిప్సీ వారసత్వం

కొండలకు ఈ కథ కొత్తది కాదు. 1985లో మారుతి జిప్సీ వచ్చినప్పుడు దానిలో ఉన్నది లీటరు కూడా నిండని చిన్న ఇంజను. శక్తి 45 హార్స్ పవర్. 1996లో 1.3 లీటర్ల ఇంజను వచ్చాక కాస్త తెరిపిన పడింది. సైన్యం, పోలీసులు, అడవి శాఖ, ర్యాలీ వీరులు అందరూ దాన్నే నెత్తిన పెట్టుకున్నారు. కారణం తేలికపాటి శరీరం, నాలుగు చక్రాల పట్టు, రోడ్డు పక్కన మెకానిక్ కూడా బాగుచేయగల సాదా యంత్రం. అయితే ఎగిరిపడే ఆ బండిలో అమ్మమ్మను వెనక సీటులో కూర్చోబెట్టి పెళ్లికి తీసుకెళ్లడం మాత్రం కష్టమే.

ఆ లోటును కొంతకాలం రెనో డస్టర్ తీర్చింది. 2014లో నాలుగు చక్రాల డ్రైవ్‌తో వచ్చిన డస్టర్‌కు టర్బో డీజిల్ ఇంజను ఉండేది. గాలి పలచబడినా అంతగా జావగారేది కాదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు అమల్లోకి రావడంతో ఆ డీజిల్ ఇంజను వెళ్లిపోయింది. తరవాత ఈ ధరలో, కుటుంబమంతా హాయిగా కూర్చోగల నాలుగు చక్రాల కారు కోసం చూసేవాళ్ల ముందు మిగిలింది ఈ 103 గుర్రాల పెట్రోలు కారు.

పెట్రోలు కావడం వల్ల ఒక మేలు కూడా ఉంది. చలి బాగా ముదిరితే మామూలు డీజిల్‌లో మైనం గడ్డకట్టి ఇంజనుకు ఇంధనం అందదు. తెల్లవారుజామున డీజిల్ ట్యాంకుల కింద మంట పెట్టి వెచ్చబరచడం మంచుకొండల్లో పాత అలవాటు. ప్రమాదకరమైనదే అయినా గత్యంతరం ఉండేది కాదు. చలికి గడ్డకట్టని ప్రత్యేక డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ లద్దాఖ్‌కు అందించడం మొదలుపెట్టింది 2019లో. పెట్రోలు కారుకు ఆ బెడద లేదు. బ్యాటరీ బలంగా ఉండి, రేడియేటర్‌లో గడ్డకట్టని కూలెంట్ పోసి ఉంటే ఉదయం ఒకటి రెండు ప్రయత్నాల్లో లేచి కూర్చుంటుంది.

చలికాలంలో ఆ కారుతో చేసే కాపురంలో ఇంకా చాలా ఆచారాలున్నాయి. రాత్రి హ్యాండ్‌బ్రేకు వేస్తే అది గడ్డకట్టుకుపోయి పొద్దున ఊడిరాదని కొండవాళ్లు దాన్ని వదిలేసి, గేరులో ఉంచి, చక్రాల వెనక రాళ్లు పెడతారు. వైపర్లు అద్దానికి అతుక్కోకుండా పైకి లేపి నిలబెడతారు. డిక్కీలో గొలుసులు, పార, తాడు, కంబళి, తినడానికి ఏదో ఒకటి ఎప్పుడూ ఉంటాయి. మైదానం నుంచి వచ్చినవాళ్ల డిక్కీలో ఇవేవీ కనిపించవు.

సొరంగం తెరిచిన తలుపు

2020 అక్టోబరు 3న ప్రారంభమైన అటల్ సొరంగం పొడవు 9.02 కిలోమీటర్లు. మనాలి, లేహ్ మధ్య 46 కిలోమీటర్ల దూరం తగ్గింది. అంతకంటే ముఖ్యంగా 3,978 మీటర్ల రోహ్‌తాంగ్ కనుమ ఎక్కి దిగవలసిన పని తప్పింది. రోహ్‌తాంగ్ అంటే శవాల కుప్ప అని అర్థం చెబుతారు. ఆ పేరు ఊరికే రాలేదు. మంచు తుపానులో చిక్కుకుని ఆ దారిలో తరతరాలుగా ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో.

సొరంగానికి ముందు లాహౌల్ లోయ ఏడాదిలో దాదాపు ఆరు నెలలు బయటి ప్రపంచానికి దూరంగా ఉండేది. కనుమ మూసుకుపోయాక జబ్బు చేసినా, కాన్పు కష్టమైనా వాతావరణం అనుకూలించి హెలికాప్టర్ వచ్చేదాకా ఎదురుచూడవలసిందే. ఇప్పుడు జిల్లా కేంద్రం కేలాంగ్ నుంచి కులూ ఆస్పత్రికి చలికాలంలోనూ రోడ్డు మీద వెళ్లే వీలుంది. వీలుందంటే రోజూ ఖాయమని కాదు. సొరంగం లోపల మంచు పడదు కానీ దాని రెండు ద్వారాల దగ్గరా పడుతుంది. దక్షిణాన ధుండీ వైపు, ఉత్తరాన సిస్సూ వైపు హిమపాతాలు రోడ్డును కప్పేస్తుంటాయి. సరిహద్దు రహదారుల సంస్థ యంత్రాలు మంచు తోసేదాకా ఏ బండికీ దారి ఉండదు. తోసిన తరవాత మిగిలే పలచటి జారుడు పొర మీదే ఏ కారు ఏపాటిదో తేలిపోతుంది.

లాహౌల్ కుటుంబాలకు నాలుగు చక్రాల డ్రైవ్ అంటే సరదా కాదు. చదువుల కోసం కులూలో ఉంటున్న పిల్లల దగ్గరకు వెళ్లాలన్నా, పెద్దవాళ్లను డాక్టరుకు చూపించాలన్నా అదే ఆధారం. ఆస్పత్రికి పావుగంట ఆలస్యంగా చేర్చినా ఫరవాలేదు, మధ్యలో జారి ఆగిపోకూడదు. ఆ లెక్కలో చూస్తే 103 గుర్రాలు తక్కువేమీ కాదు. మామూలు రోడ్డు మీద ఈ కారు ముందు చక్రాలతోనే నడుస్తుంది. అవి జారుతున్నట్టు పసిగట్టగానే కొంత బలాన్ని వెనక్కి పంపుతుంది. మీట తిప్పి ‘స్నో’ అన్నచోట పెడితే ఇంజను మరింత నెమ్మదిగా, మెత్తగా బలం అందిస్తుంది. మంచు మీద ఎక్కువ బలం అక్కర్లేదు సరికదా, అది హాని కూడా. ఒక్కసారిగా తోస్తే చక్రం అక్కడే గిర్రున తిరిగి గొయ్యి తవ్వుకుంటుంది. మొదటి గేరు బదులు రెండో గేరులో, పాదం ఆనీ ఆననట్టు పెట్టి కదిలిస్తే పాకుతూ పైకి వెళుతుంది. రోడ్డు పొడిగా ఉన్నప్పుడు తిట్లు తిన్న నీరసమే ఇక్కడ అక్కరకొస్తుంది.

ఎక్కించేది వేరు, ఆపేది వేరు

పోలీసుల ప్రశ్నకు ‘అవును’ అని చెప్పి ముందుకు వెళ్లినవాళ్లకు అసలు పరీక్ష దిగేటప్పుడు ఎదురవుతుంది. నాలుగు చక్రాల డ్రైవ్ బండిని కదిలించడానికి సాయపడుతుంది, ఎక్కడానికి సాయపడుతుంది. ఆగడానికి మాత్రం దాని సాయం ఏమీ లేదు. బ్రేకులు ప్రతి కారులోనూ నాలుగు చక్రాలకూ ఉంటాయి. బండి ఆగేది టైరుకూ నేలకూ మధ్య ఉన్న పట్టుతో. ఆ పట్టు ఒక్కో చక్రం కింద అరచేయంత జాగాలోనే ఉంటుంది. అక్కడ ఉన్నది గడ్డకట్టిన అద్దం లాంటి పొర అయితే ఎంత ఖరీదైన యంత్రమైనా ఒక్కటే. పైగా మన దేశంలో కార్లకు కంపెనీలు అమర్చి పంపేవి మామూలు రోడ్డు టైర్లే. మంచు టైర్లు కొని మార్చుకునేవాళ్లు బహు తక్కువ.

2024 డిసెంబరు చివరి వారంలో ఈ పాఠం దేశమంతటికీ కనిపించింది. సోలాంగ్, అటల్ సొరంగం మధ్య హఠాత్తుగా మంచు కురిసి సుమారు వెయ్యి వాహనాలు ఎక్కడివక్కడ చిక్కుకుపోయాయి. పిల్లాపాపలతో కుటుంబాలు గంటల తరబడి కార్లలోనే గడిపాయి. పోలీసులు చాలామందిని కాలినడకన, ఫోర్ వీల్ డ్రైవ్ టాక్సీల్లో కిందికి చేర్చారు. ఆ రోజుల్లోనే మంచు గట్టిపడిన వాలు మీద ఒక ఫోర్ వీల్ డ్రైవ్ బండి అదుపు తప్పి జారిపోతుండగా డ్రైవరు బయటికి దూకేసిన వీడియో ఇంటింటికీ చేరింది. ఆ బండికి గుర్రాలు తక్కువేమీ కాదు.

అంతకు ఏడాది ముందు, 2023 క్రిస్మస్ సెలవుల్లో సొరంగం గుండా ఒక్క రోజులో 28,210 వాహనాలు దాటాయి. ట్రాఫిక్‌లో విసిగిన ఒక ఎస్‌యూవీ యజమాని లాహౌల్‌లో చంద్రా నది నీళ్లలోకే బండిని దింపి దాటించాడు. పోలీసులు చలానా రాశారు. బలం ఎక్కువైనప్పుడు వచ్చే జబ్బు అది. చిన్న ఇంజను ఉన్నవాడికి ఆ ఆలోచనే రాదు. అయితే చిన్న ఇంజను ఉన్నవాడు కూడా పోలీసులు పంపించారు కదా అని తనకు భయం లేదనుకుంటే మొదటి దిగుడులోనే మోసపోతాడు.

దిగేటప్పుడు కొండవాళ్లు పాటించే పద్ధతి పాతదే. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగడం, బ్రేకు మీద కాలు నొక్కిపెట్టకుండా ఇంజనుతోనే వేగం తగ్గించడం, ముందు బండికి బాగా దూరంగా ఉండటం. ఈ కారులో వాలు దిగడానికి తోడ్పడే ఎలక్ట్రానిక్ ఏర్పాటు కూడా ఉంది. అది నాలుగు బ్రేకులనూ తనే ఆడిస్తూ నెమ్మదిగా దించుతుంది. కానీ దానికీ కావలసింది టైరు కింద పట్టే. వేగం ముందే తగ్గించుకోనివాడిని ఏ మీటా కాపాడదు.

తాండీ దగ్గర లెక్క

సొరంగం దాటితే చంద్రా నది పక్కనే దారి. సిస్సూ దాటి ఇంకా వెళితే తాండీ. చంద్రా, భాగా నదులు అక్కడ కలిసి చంద్రభాగా అవుతాయి. కశ్మీరు చేరేసరికి అదే చీనాబ్. అక్కడి పెట్రోలు బంకు దగ్గర తరవాతి బంకు 365 కిలోమీటర్ల అవతల అని చెప్పే బోర్డు లేహ్ వెళ్లే ప్రయాణికులందరికీ గుర్తే. ఆ బోర్డు ఫొటో తీసుకోనివాళ్లు అరుదు.

ఈ కారుకు మరో లెక్క మొదలయ్యేది కూడా అక్కడే. కంపెనీ లెక్క ప్రకారం నాలుగు చక్రాల వేరియంట్ లీటరుకు 19 కిలోమీటర్లకు పైగా ఇస్తుంది. కొండెక్కేటప్పుడు మొదటి, రెండో గేర్లలో మూలుగుతూ వెళ్లే కారుకు ఆ అంకె వర్తించదు. తెలిసినవాళ్లు తాండీలో ట్యాంకు నింపుకుని మరీ కదులుతారు.

దార్చా దాటాక బారాలాచా ఎక్కుడులో మిగిలిన సగం గుర్రాలతో కారు నడుస్తుంటే లోపల మాటలు ఆగిపోతాయి. సగం కారణం పలచబడిన గాలి, సగం కారణం ఇంజను మీద జాలి. టర్బో బండ్లు పక్కనుంచి దాటిపోతుంటాయి. కారు మాత్రం నడిచే మనిషి కంటే కాస్త వేగంగా, ఆగకుండా, ఒక్కో మలుపూ ఎక్కుతుంది. ఎండాకాలంలో కనుమ దగ్గర కరిగిన మంచునీళ్లు రోడ్డు మీద పారే చోట్ల, గులకరాళ్ల మధ్య, దాటిపోయిన బండ్లలో కొన్ని చక్రాలు తిప్పుకుంటూ మళ్లీ కనిపిస్తాయి. వాటి పక్కనుంచి ఈ కారు బురద చిందకుండా ముందుకెళ్లిపోతుంది.

అలాగని దీన్ని మంచుకొండల వీరుడని పొగడనవసరం లేదు. ధర పెట్టి కొనేవాడికి ఇంకో నలభై గుర్రాలు, ఒక టర్బో ఇవ్వగలిగితే ఎవరూ వద్దనరు. పట్టూ బలమూ రెండూ కావాలనుకునే సామాన్య కుటుంబానికి ఈ ధరలో దొరికేది ఒక్కటే కావడం మార్కెట్ లోపమే. మైదానంలో అమ్ముడుపోని దాన్ని కొండల కోసం ఎవరూ తయారుచేయరు. కొండల్లో బతికేవాళ్లు కొద్దిమందే.

సాయంత్రం నాలుగు గంటలకే సిస్సూ మీద నీడ పడుతుంది. పగలు కరిగిన నీళ్లు రోడ్డు మీద మళ్లీ గడ్డకట్టడం మొదలవుతుంది. ఆ వేళకు లాహౌల్ కార్లు ఇళ్ల ముందు చేరి, గేరులో ఆగి, చక్రాల వెనక రాళ్లు పెట్టుకుని, వైపర్లు ఎత్తుకుని నిలబడి ఉంటాయి. రోడ్డు మీద ఇంకా వెలుగుతున్న హెడ్‌లైట్లు ఎక్కువగా బయటి ఊళ్లవాళ్లవే.